ఏ ప్రాజెక్టు మెయిలింగ్ లిస్టులో చేరాలి, దేన్ని ఆర్కైవ్‌లో చదివితే సరిపోతుంది?

కొత్తకమిట్ | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను బ్యాకెండ్ డెవలపర్‌ని. పనిలో రోజూ వాడేవి డెబియన్ (లైనక్స్‌లో ఒక రకం) సర్వర్లు, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, పైథాన్ భాష. వీటిని తయారుచేసేవాళ్లు మెయిలింగ్ లిస్టుల్లో (ఒకరు రాసిన మెయిల్ చేరినవాళ్లందరికీ వెళ్లే ఏర్పాటు) తమలో తాము ఏం మాట్లాడుకుంటున్నారో, వచ్చే వెర్షన్‌లో ఏం మారబోతోందో నాకు విడుదలయ్యాకే తెలుస్తోంది. ఆ మాటలు జరుగుతున్నప్పుడే వినాలని ఉంది. ఎప్పటికైనా ఒక ప్యాచ్ (కోడ్‌లో నేను చేసిన మార్పు) పంపాలనీ ఉంది. లైనక్స్‌కి గుండె లాంటి కెర్నల్ అంటే ప్రత్యేకమైన ఇష్టం.

లిస్టుల పేజీ తెరిస్తే ఒక్క డెబియన్‌కే వందల లిస్టులున్నాయి. పోస్ట్‌గ్రెస్‌కీ తక్కువేం లేవు. నాకు రోజుకి అరగంటకి మించి కుదరదు. ఆ అరగంట ఎక్కడ పెట్టమంటారు?

లాగ్‌చూపు | సోమవారం, రాత్రి 10:15

ప్రతి లిస్టు దగ్గరా ఒకటే ప్రశ్న వేసుకోండి: ఈ మెయిల్ వస్తే రేపు నేను చేసే పని ఏమైనా మారుతుందా? మారుతుందనుకుంటే చేరండి. ఊరికే తెలుసుకోవడానికైతే ఆర్కైవ్ ఎక్కడికీ పోదు, తీరిక ఉన్నప్పుడు వెళ్లి చదువుకోవచ్చు.

ఆ లెక్కన మీకు మొదటిది డెబియన్-సెక్యూరిటీ-అనౌన్స్. స్టేబుల్ (డెబియన్ స్థిరమైన వెర్షన్) సర్వర్లు నడిపేవాళ్లెవరైనా అందులో ఉండాల్సిందే. ఒక్కో మెయిల్‌లో ఏ ప్యాకేజీ, ఏ లోపం, ఏ వెర్షన్‌లో సరిచేశారు అన్నవి ఉంటాయి. చదవడానికి నిమిషం చాలు. అందులో మీ సర్వర్లో ఉన్న ప్యాకేజీ పేరు కనిపిస్తే అప్పుడు పని మొదలవుతుంది. డెబియన్-డెవెల్-అనౌన్స్ కూడా పెట్టుకోండి. డెబియన్ డెవలపర్లందరూ చదవాల్సిన లిస్టు అది, అయినా మెయిళ్లు తక్కువే. ఫ్రీజ్ (కొత్త మార్పులు ఆపేయడం) ఎప్పుడు, వచ్చే విడుదల సంగతేంటి లాంటివి అక్కడే తెలుస్తాయి.

పోస్ట్‌గ్రెస్ వైపు పీజీఎస్‌క్యూఎల్-అనౌన్స్ ఉంది. అందులో సొంత విడుదలలతో పాటు చుట్టుపక్కల టూల్స్ ప్రకటనలూ వస్తాయి, వాటిని దాటేయొచ్చు. మైనర్ విడుదలలు మామూలుగా ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరుల్లో ఉంటాయి కాబట్టి ఆ నెలల్లో మాత్రం ఓ కన్నేసి ఉంచండి.

అనౌన్స్ లిస్టుని చిన్నచూపు చూడొద్దని ఎందుకంటున్నానంటే, 2022 అక్టోబరు 25న ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) వాళ్లు తమ అనౌన్స్ లిస్టులో ఒక చిన్న మెయిల్ పెట్టారు. నవంబరు 1న 3.0.7 వస్తుంది, అందులో క్రిటికల్ స్థాయి లోపానికి మందు ఉంది అని. లోపం ఏమిటో చెప్పలేదు. కానీ ఆ వారం రోజుల్లో ఏ మెషీన్లో 3.0 ఉంది, ఎక్కడ పాత 1.1.1 ఉంది అని లెక్క తీసుకునే వ్యవధి దొరికింది. విడుదల రోజుకి దాన్ని హై స్థాయికి తగ్గించారనుకోండి. అయినా తయారీ వృథా కాలేదు, ఆ జాబితా తర్వాతి అప్‌డేట్లకీ పనికొస్తుంది.

ఒక్క జాగ్రత్త. అనౌన్స్ లిస్టుని డైజెస్ట్‌లో పెట్టకండి. డైజెస్ట్ అంటే మెయిళ్లన్నీ పోగుచేసి ఒక్కటిగా పంపడం. సెక్యూరిటీ వార్త పోగయ్యేదాకా ఆగకూడదు.

ప్యాచ్‌దారి | సోమవారం, రాత్రి 11:02

కెర్నల్ సంగతి నేను చెబుతాను. ఎల్‌కేఎంఎల్ అనే కెర్నల్ ప్రధాన లిస్టులో మాత్రం చేరకండి. రోజుకి వేయికి అటూఇటూగా మెయిళ్లు వస్తాయి. అది అందరూ కూర్చుని చదివే లిస్టు కాదు. అన్ని ప్యాచ్‌లకూ ఒక ఉమ్మడి రికార్డు ఉండాలని దాన్ని సీసీలో పెడతారు. అసలు మాటలు జరిగేది సబ్‌సిస్టమ్ లిస్టుల్లో, అంటే కెర్నల్‌లో ఒక్కో భాగానికి ఉన్న లిస్టుల్లో. నెట్‌వర్కింగ్‌కి నెట్‌డెవ్, మెమరీకి లైనక్స్-ఎంఎం, ఫైల్ సిస్టమ్స్‌లో ఎక్స్‌ట్4కి ఒకటి, బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌కి ఒకటి, ఇలా.

మీకు ఏది సరిపోతుందో కెర్నల్ సోర్సే చెబుతుంది. పై డైరెక్టరీలో మెయింటెయినర్స్ అనే ఫైల్ ఉంటుంది. మీకు ఆసక్తి ఉన్న డ్రైవర్ పేరు అందులో వెతకండి. ఎమ్ అక్షరంతో మొదలయ్యే వరుసలో మెయింటెయినర్ (ఆ భాగం బాధ్యత చూసే మనిషి), ఎల్ వరుసలో లిస్టు అడ్రసు, ఎఫ్ వరుసలో వాళ్ల కిందికొచ్చే ఫైళ్లు ఉంటాయి. ఎస్ వరుసని తప్పకుండా చూడండి. అక్కడ సపోర్టెడ్ అని ఉంటే ఆ పనికి ఎవరో జీతం ఇస్తున్నారని అర్థం. మెయింటెయిన్డ్ అంటే చూసుకునే మనిషి ఉన్నారు. ఆడ్ ఫిక్సెస్ అంటే తీరిక దొరికినప్పుడు ఎవరో చూస్తారు. ఆర్ఫన్ అని ఉంటే ఆ లిస్టులో మీ మెయిల్‌కి జవాబు వస్తుందన్న ఆశ పెట్టుకోకండి.

ఇక నేను రోజూ వాడే పద్ధతి. లోర్ డాట్ కెర్నల్ డాట్ ఆర్గ్ ఆర్కైవ్‌లో కెర్నల్ లిస్టులన్నీ ఉన్నాయి. దాని వెనక నడిచే పబ్లిక్-ఇన్‌బాక్స్‌తో పాటు లీ అనే కమాండ్ లైన్ టూల్ వస్తుంది. దానికి లిస్టు పేరు చెప్పక్కర్లేదు, ఒక వెతుకులాట ఇస్తే చాలు. ఉదాహరణకి డీఎఫ్‌ఎన్ అనే గుర్తు పెట్టి ఒక ఫైల్ పాత్ ఇచ్చి, గత నెల రోజులవి అని చెబితే, ఆ ఫైల్‌ని ముట్టుకున్న ప్రతి ప్యాచూ, దాని కింద జరిగిన మొత్తం చర్చా మీ మెయిల్ ఫోల్డర్‌లోకి వచ్చేస్తాయి. అది ఏ లిస్టుకి వచ్చిందన్నది మీకు అనవసరం. తర్వాత లీ అప్ అంటే కొత్తగా వచ్చినవి మాత్రం తెస్తుంది. ఏ లిస్టులో చేరాలి అన్న ప్రశ్నే అవసరం లేకుండా, ఏ కోడ్ మీద నాకు పట్టింపు ఉంది అని మనల్ని మనం అడిగితే సరిపోతుంది. నాకు బాగా నచ్చింది అదే.

సెమిస్టర్ఆరు | మంగళవారం, ఉదయం 7:20

నేను స్టూడెంట్‌ని. కొత్తవాళ్ల కోసం ఉన్న కెర్నల్‌న్యూబీస్ లిస్టులో చేరితే మంచిదా, నేరుగా సబ్‌సిస్టమ్ లిస్టుకి వెళ్లాలా?

ప్యాచ్‌దారి | మంగళవారం, ఉదయం 8:05

మొదట్లో న్యూబీస్ మంచిది. అక్కడ ప్రశ్నలు అడగొచ్చు. నెట్‌డెవ్ లాంటి చోట ప్యాచ్ తీసుకెళ్తేనే మాట సాగుతుంది. ఏ సబ్‌సిస్టమ్‌కి వెళ్లినా ముందు సమయం చూసుకోండి. కొత్త కెర్నల్ తొమ్మిది పది వారాలకోసారి వస్తుంది. మొదటి రెండు వారాలు మెర్జ్ విండో, అంటే కొత్త మార్పులు కలుపుకునే సమయం. ఆ రెండు వారాలు మెయింటెయినర్లు ఊపిరి తీసుకోలేరు. నెట్‌డెవ్‌లో అయితే నెట్-నెక్స్ట్ (వచ్చే వెర్షన్ మార్పులు పోగయ్యే చోటు) మూసేశాం అని చెప్పి కొత్త ఫీచర్ ప్యాచ్‌లు తీసుకోరు. అప్పుడు చేరినవాళ్లకి లిస్టు అంతా విసుగ్గా ఉన్నట్టు అనిపిస్తుంది. ఆర్‌సీ1 (మొదటి పరీక్షా విడుదల) వచ్చాక చూడండి, అదే మనుషులు ఓపిగ్గా రివ్యూ చేస్తుంటారు.

పదకోశం | మంగళవారం, ఉదయం 9:31

చేరేముందు ఆ లిస్టు ఇంకా నడుస్తోందో లేదో చూడండి. చాలా ప్రాజెక్టులు లిస్టులు మూసి డిస్కోర్స్ అనే వెబ్ ఫోరమ్‌కి వెళ్లిపోయాయి. ఎల్‌ఎల్‌వీఎమ్ కంపైలర్ ప్రాజెక్టు 2022లో వెళ్లింది. గ్నోమ్ డెస్క్‌టాప్ కూడా అదే ఏడాది. కొత్తకమిట్ గారు పైథాన్ అన్నారు కదా, పైథాన్-డెవ్‌లో జరిగిన చర్చలు ఇప్పుడు డిస్కస్ డాట్ పైథాన్ డాట్ ఆర్గ్‌లో జరుగుతున్నాయి. పాత వ్యాసాల్లో ఇంకా పాత అడ్రసే కనిపిస్తుంది. ఆర్కైవ్‌లో చివరి మెయిల్ తేదీ చూస్తే సంగతి తెలిసిపోతుంది.

అనువాదాలు చేసేవాళ్లకి నా సలహా: డెవలపర్ల లిస్టు అక్కర్లేదు, స్ట్రింగ్ ఫ్రీజ్ ప్రకటన ఎక్కడ వస్తుందో అక్కడ ఉండండి. అది దాటాక వాక్యాలు మారవు కాబట్టి అప్పుడు చేసిన పని నిలుస్తుంది.

నిదానం | మంగళవారం, మధ్యాహ్నం 1:12

లాగ్‌చూపు గారి మాటతో నేను సగమే ఏకీభవిస్తాను. అనౌన్స్ లిస్టు ఫలితం చెబుతుంది. కొత్తకమిట్ గారు అడిగింది అది కాదు, ఆ ఫలితం ఎలా వచ్చిందో వినాలంటున్నారు. అందుకు పని మారుతుందా అన్న కొలత సరిపోదు. చదవడం వల్ల రేపటి పని మారకపోవచ్చు, ఆలోచించే తీరు మారుతుంది. దాన్ని లెక్కలోకి తీసుకోకపోతే మనం ఎప్పటికీ వాడేవాళ్లుగానే మిగిలిపోతాం.

నా సలహా ఒక్కటే డెవలపర్ లిస్టు పట్టుకోమని. ఒక్కటే. కానీ ఒక పూర్తి విడుదల చక్రం దాంట్లో ఉండండి. మీ విషయంలో అది పీజీఎస్‌క్యూఎల్-హ్యాకర్స్ అయితే బాగుంటుంది. పోస్ట్‌గ్రెస్‌కి ఏడాదికో పెద్ద వెర్షన్. కమిట్‌ఫెస్ట్‌లు, అంటే వచ్చిన ప్యాచ్‌లని కూర్చుని రివ్యూ చేసే నెలలు, జులై, సెప్టెంబరు, నవంబరు, జనవరి, మార్చిలో ఉంటాయి. ఏప్రిల్ మొదట్లో ఫీచర్ ఫ్రీజ్. ఆ తర్వాత బీటాలు, శరదృతువులో విడుదల. జులైలో చేరినవాళ్లకి కొత్త ఆలోచనలు కనిపిస్తాయి, మార్చిలో చేరినవాళ్లకి హడావిడి కనిపిస్తుంది, మేలో చేరితే లోపాలు ఏరివేసే పని కనిపిస్తుంది. ఒక ప్రాజెక్టు స్వభావం తెలియాలంటే ఈ మూడూ చూడాలి.

ఇంకొకటి. లిస్టు ఎంచుకునేటప్పుడు అక్కడ మాట్లాడే తీరు కూడా చూడండి. కొత్తవాళ్ల ప్రశ్నకి జవాబు వస్తోందా? వద్దన్నప్పుడు కారణం చెబుతున్నారా? పైథాన్‌లో పెప్ (భాషలో మార్పుకి ప్రతిపాదన) 572 మీద, అంటే వాల్రస్ ఆపరేటర్ మీద, ఎంత వాదన జరిగిందో పాత ఆర్కైవుల్లో ఉంది. అది ఒక కొలిక్కి వచ్చాక 2018 జులైలో పైథాన్ సృష్టికర్త గైడో వాన్ రోసమ్ కమిటర్ల (కోడ్‌లోకి మార్పులు చేర్చే హక్కున్నవాళ్ల) లిస్టులో మెయిల్ రాసి నాయకత్వం నుంచి తప్పుకున్నారు. మంచి ఉద్దేశంతో మాట్లాడేవాళ్లే అయినా, అంత సుదీర్ఘంగా అందరూ ఒకేసారి వాదిస్తే మనిషి అలిసిపోతాడు. ఆ థ్రెడ్లు చదివితే లిస్టులో మనం ఎప్పుడు మాట్లాడాలో, ఎప్పుడు ఆగాలో కూడా అర్థమవుతుంది.

లాగ్‌చూపు | మంగళవారం, మధ్యాహ్నం 2:50

నిదానం గారూ, మీరన్నది కాదనను. కానీ రోజుకి అరగంటతో హ్యాకర్స్ లిస్టుని వెంబడించడం ఎవరి తరమూ కాదు. మొదటివారమే వెనకబడిపోతారు, చదవని మెయిళ్ల అంకె చూసి టెన్షన్, చివరికి అన్‌సబ్‌స్క్రైబ్. చాలామందికి అదే జరుగుతుంది.

బల్ల_కుర్చీ | మంగళవారం, సాయంత్రం 6:18

నేను డేటాబేస్ పనిలోనే ఉంటాను, హ్యాకర్స్ లిస్టు చాలా ఏళ్లుగా చూస్తున్నాను. మీ ఇద్దరి మాటలకీ మధ్యలో ఒక దారి ఉంది.

హ్యాకర్స్‌లో చేరకండి. పీజీఎస్‌క్యూఎల్-కమిటర్స్‌లో చేరండి. ప్రతి కమిట్‌కీ, అంటే కోడ్‌లో చేరిన ప్రతి మార్పుకీ, ఒక మెయిల్ వస్తుంది. పోస్ట్‌గ్రెస్ కమిట్ సందేశాలు శ్రద్ధగా రాసినవి. సమస్య ఏమిటి, ఎందుకు ఇలా పరిష్కరించాం, ఏ వెర్షన్లకి వెనక్కి తీసుకెళ్తున్నాం అన్నవన్నీ ఉంటాయి. చివర్లో డిస్కషన్ అని ఒక వరుస, దాని పక్కన లింకు. అది నొక్కితే హ్యాకర్స్‌లో ఆ మార్పు పుట్టిన థ్రెడ్ మొత్తం తెరుచుకుంటుంది. కెర్నల్‌లో కూడా చాలా కమిట్లకి లింక్ అనే వరుస ఉండి లోర్‌లోకి తీసుకెళ్తుంది.

అంటే ముగిసిన చర్చని చివరినుంచి మొదటికి చదువుతున్నారన్నమాట. ఏది తేలిందో మీకు ముందే తెలుసు, కాబట్టి మధ్యలో దారి తప్పరు.

అలాంటి థ్రెడ్ ఒకటి తెరిస్తే ఏం కనిపిస్తుందో చెబుతాను. మొదట ఒకరు సమస్య రాసి, వీ1 ప్యాచ్ జోడిస్తారు. రెండు రోజులు నిశ్శబ్దం. ఆ తర్వాత ఒకరు వచ్చి, ఆలోచన బాగుంది, కానీ టేబుల్ పెద్దదైతే ప్లానర్‌కి (క్వెరీని ఎలా నడపాలో ఎంచుకునే భాగం) ఎంత సమయం పడుతుందో కొలిచారా అంటారు. రాసిన మనిషి కొలిచి అంకెలు పెడతారు. ఇంకొకరు ఆ అంకెలు నా మెషీన్లో రావడం లేదంటారు. వాళ్లిద్దరూ సెట్టింగులు పోల్చుకుని తేడా ఎక్కడుందో కనిపెడతారు. ఈలోగా మాస్టర్ (ప్రధాన కోడ్) మారిపోతుంది, ప్యాచ్ అతకదు, కొత్త కోడ్‌కి సరిపోయేలా రీబేస్ చేయమని అడుగుతారు. వీ4, వీ5. కమిట్‌ఫెస్ట్ యాప్‌లో దాని స్థితి నీడ్స్ రివ్యూ నుంచి వెయిటింగ్ ఆన్ ఆథర్‌కి, మళ్లీ వెనక్కి, చివరికి రెడీ ఫర్ కమిటర్‌కి మారుతుంది. ఆఖరున కమిటర్ డాక్యుమెంటేషన్‌లో రెండు వాక్యాలు సవరించి లోపలికి పంపిస్తారు. నెలలు పట్టొచ్చు, ఏళ్లూ పట్టొచ్చు. ఇదంతా ఒక సాయంత్రం చదివేయొచ్చు. ఒక పెద్ద కోడ్‌బేస్‌ని మనుషులు ఎలా కాపాడుకుంటారో ఇంతకన్నా బాగా చూపించే చోటు నాకు తెలియదు.

నిదానం | మంగళవారం, రాత్రి 8:44

పద్ధతి బాగుంది, మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నాను. కానీ అందులో ఒక లోటుంది. కమిట్ నుంచి వెనక్కి వెళ్తే గెలిచిన ప్యాచ్‌లే కనిపిస్తాయి. లోపలికి రాని వాటి థ్రెడ్లు చదవకపోతే ఆ ప్రాజెక్టు దేన్ని ఒప్పుకోదో తెలియదు. ఎవరో కష్టపడి రాసిన ఫీచర్‌ని, దీన్ని పదేళ్లు మోయాల్సింది మేమే, అందుకే వద్దంటున్నాం అని మెయింటెయినర్ వివరించే మెయిల్ ఉంటుంది చూడండి, అది నాకు పాఠ్యపుస్తకం కన్నా ఎక్కువ నేర్పింది.

బల్ల_కుర్చీ | మంగళవారం, రాత్రి 9:05

అది నిజం. దానికీ తోవ ఉంది. ముగిసిన కమిట్‌ఫెస్ట్ పేజీ తెరిచి, రిజెక్టెడ్, రిటర్న్‌డ్ విత్ ఫీడ్‌బ్యాక్ అని ఉన్నవాటిని చూడండి. ప్రతిదానికీ థ్రెడ్ లింకు ఉంటుంది. నెలకి ఒకటి చదివినా చాలు.

ప్యాచ్‌దారి | మంగళవారం, రాత్రి 10:27

ఇలాంటి వీలు అన్ని ప్రాజెక్టుల్లోనూ ఉండదు. కానీ ఎక్కువ లిస్టుల్లో ఆ ఒక్క మెయిల్ చదివితే లిస్టంతా చదివినట్టే అనిపించేది ఒకటి ఉంటుంది. ముందు దాన్ని పట్టుకోవాలి.

గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) లిస్టులో అది వాట్స్ కుకింగ్ అనే మెయిల్. మెయింటెయినర్ జునియో హమానో క్రమం తప్పకుండా పంపుతారు. నడుస్తున్న ప్రతి ప్యాచ్ గుచ్ఛానికీ అందులో ఒక చిన్న పేరా ఉంటుంది: అది ఏం చేస్తుంది, ప్రయోగ దశ అయిన సీన్‌లో ఉందా, తర్వాతి మెట్టు నెక్స్ట్‌కి వెళ్లిందా, మాస్టర్‌కి చేరిందా. కింద ఒక్క వరుసలో ఆయన అభిప్రాయం ఉంటుంది. నెక్స్ట్‌లో కలుపుతాను అనో, మళ్లీ పంపుతారని చూస్తున్నాను అనో, రివ్యూ కావాలి అనో. రివ్యూ కావాలి అన్న వరుసలు చూసుకుని సాయం చేయడానికి వెళ్లొచ్చు. ఎవరూ పట్టించుకోని ప్యాచ్ మీద కొత్తవాళ్లు నాలుగు మాటలు రాసినా అక్కడ విలువ ఉంటుంది. అది కూడా ఎక్కువనిపిస్తే నెలకోసారి వచ్చే గిట్ రెవ్ న్యూస్ చదవండి.

కెర్నల్‌కి ఆ పని ఎల్‌డబ్ల్యూఎన్ అనే వార్తల సైట్ చేస్తుంది. 1998 నుంచి ఉంది. గురువారం సంచికలో కెర్నల్ పేజీ చదివితే ఆ వారం ఏ లిస్టులో ఏ పెద్ద చర్చ జరిగిందో, ఎవరు ఎందుకు అభ్యంతరం చెప్పారో తెలుస్తుంది, అసలు మెయిళ్లకి లింకులూ ఉంటాయి. కొత్త వ్యాసాలు మొదట చందాదారులకే, వారం పది రోజులకి అందరికీ. వీలుంటే చందా కట్టండి. అంత ఓపిగ్గా లిస్టులు చదివి రాసేవాళ్లు నిలబడాలి.

తాళంచెవి | బుధవారం, ఉదయం 6:55

సెక్యూరిటీ పనిలో ఉన్నాను కాబట్టి ఓఎస్‌ఎస్-సెక్యూరిటీ గురించి రాస్తాను. ఓపెన్‌వాల్ నడిపే లిస్టు, 2008 నుంచి ఉంది. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ మెయిల్ వచ్చింది ఇక్కడికే. ఆయన పోస్ట్‌గ్రెస్ డెవలపర్. డెబియన్ సిడ్ (ఇంకా తయారవుతున్న వెర్షన్) మెషీన్లో ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ సుమారు అర సెకను ఆలస్యమవుతోందని, సీపీయూ ఎక్కువ తింటోందని గమనించి, ఎందుకా అని తవ్వుకుంటూ వెళ్లారు. చివరికి అది ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే కంప్రెషన్ టూల్ 5.6.0, 5.6.1 విడుదల ఫైళ్లలో ఎవరో దాచిపెట్టిన బ్యాక్‌డోర్ (దొంగదారి) అని తేలింది. దాని లోపం నంబరు సీవీఈ-2024-3094. ఆ మెయిల్ ఇప్పటికీ ఆర్కైవ్‌లో ఉంది. తన పరిశోధన ఎక్కడిదాకా వచ్చిందో, ఏది ఖాయమో, ఏది తన ఊహో విడదీసి రాశారు. సెక్యూరిటీ రిపోర్టు ఎలా రాయాలో నేర్చుకోవాలంటే అది చదవండి.

అయితే కొత్తకమిట్ గారూ, మీకు ఈ లిస్టు చందా అవసరం లేదు. మీ సర్వర్లకి కావలసింది డెబియన్ సెక్యూరిటీ లిస్టులో వచ్చేస్తుంది. సొంతంగా సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ చేసి ఇతరులకి ఇచ్చేవాళ్లు, డిస్ట్రిబ్యూషన్ చూసుకునేవాళ్లు చేరాలి.

నేను చెప్పాలనుకున్నది వేరే. ఆ బ్యాక్‌డోర్ కథ 2024లో మొదలవలేదు. 2022లో ఎక్స్‌జెడ్-డెవెల్ అనే చిన్న లిస్టులో కొన్ని మెయిళ్లున్నాయి. ప్యాచ్‌లు ఎందుకు ఆలస్యమవుతున్నాయి, ఇంకొకరికి బాధ్యత అప్పగించొచ్చు కదా అని కొందరు ఒత్తిడి పెట్టారు. ఒంటరిగా నెట్టుకొస్తున్న మెయింటెయినర్, తన మానసిక ఆరోగ్యం బాగుండటం లేదని, ఇది జీతం లేకుండా ఇష్టంతో చేస్తున్న పని అని జవాబిచ్చారు. ప్రపంచమంతా లెక్కలేనన్ని సర్వర్లు వాడే లైబ్రరీ అది. ఆ మాటలు బహిరంగంగానే ఉన్నాయి. చదివినవాళ్లు చాలా తక్కువ. మీరు ఉన్నారు, మీ పనికి మేం కృతజ్ఞులం, తొందరేం లేదు అని రాసినవాళ్లు ఇంకా తక్కువ.

అందుకే నా లెక్కలో లిస్టు ఎంపిక ఇలా ఉంటుంది: పెద్ద ప్రాజెక్టులకి చదివేవాళ్లు చాలామంది ఉన్నారు. మీ సాఫ్ట్‌వేర్ ఆధారపడిన చిన్న లైబ్రరీల జాబితా తీయండి. అందులో ఒక్కరిద్దరే నడుపుతున్నది ఒకటి ఎంచుకుని ఆ లిస్టులో ఉండండి. నెలకి పట్టుమని పది మెయిళ్లు కూడా రావు. అరగంటలో ఐదు నిమిషాలు కూడా పట్టదు. కానీ అక్కడ మీ ఉనికికి అర్థం ఉంటుంది.

లాగ్‌చూపు | బుధవారం, ఉదయం 9:10

తాళంచెవి గారూ, ఇది నేను ఆలోచించని కోణం. నేను పెట్టిన ప్రశ్నలో, నా పని మారుతుందా అనే ఉంది. నేను అక్కడ ఉంటే వాళ్ల పని ఏమైనా తేలికవుతుందా అని కూడా అడగాలి. ఇవాళే మా సర్వర్ల డిపెండెన్సీలు తీస్తాను.

న్యూస్‌రీడర్ | బుధవారం, మధ్యాహ్నం 12:40

చదవడానికి చేరడం ఒక్కటే దారి కాదు. లోర్‌లోని లిస్టులకి ఆటమ్ ఫీడ్ (ఫీడ్ రీడర్‌లో చదవడానికి) ఉంది, ఎన్‌ఎన్‌టీపీ సర్వరూ (న్యూస్‌గ్రూపుల్లా చదవడానికి) ఉంది. జీమేన్ అనే సేవ 2002 నుంచి మెయిలింగ్ లిస్టులని న్యూస్‌గ్రూపుల్లా చూపిస్తోంది. మధ్యలో వెబ్ పేజీలు ఆగిపోయినా న్యూస్ సర్వర్ నడుస్తూనే ఉంది. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాంలో ఆ సర్వర్ పెట్టుకుంటే ఏ లిస్టు కావాలంటే అది తెరవొచ్చు, మీ మెయిల్‌బాక్స్‌లోకి ఒక్క మెయిల్ కూడా రాదు.

చేరిన లిస్టులకి మాత్రం మొదటిరోజే ఫిల్టర్ పెట్టండి. సబ్జెక్ట్ చూసి పెట్టే ఫిల్టర్ నిలవదు. మెయిల్ హెడర్లలో లిస్ట్-ఐడీ అని ఉంటుంది, ఆర్‌ఎఫ్‌సీ 2919 దాని కోసమే. దాన్ని బట్టి ఫోల్డర్‌లోకి పంపండి. మీ పేరు సీసీలో ఉన్నవి మాత్రం ఇన్‌బాక్స్‌లోనే ఉండనివ్వండి, ఎవరో మీతోనే మాట్లాడుతున్నారని అర్థం.

సెమిస్టర్ఆరు | బుధవారం, మధ్యాహ్నం 1:15

ఫోల్డర్‌లో వేల మెయిళ్లు చదవకుండా పేరుకుపోతే?

న్యూస్‌రీడర్ | బుధవారం, మధ్యాహ్నం 1:22

అన్నీ చదివినట్టు మార్క్ చేసేయండి. అవన్నీ చదవాలని ఎవరికీ బాకీ లేరు. ముఖ్యమైన థ్రెడ్ అయితే జవాబులు వస్తూ మళ్లీ పైకి వస్తుంది.

కొత్తకమిట్ | బుధవారం, రాత్రి 9:55

ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. అందరికీ ధన్యవాదాలు. నేను అనుకుంటున్నది ఇది: డెబియన్ సెక్యూరిటీ అనౌన్స్, డెవెల్ అనౌన్స్, పోస్ట్‌గ్రెస్ అనౌన్స్ మూడూ నేరుగా ఇన్‌బాక్స్‌కి. పీజీఎస్‌క్యూఎల్-కమిటర్స్ ఒక ఫోల్డర్‌కి, అందులో వారానికి ఒకటి రెండు ఎంచుకుని థ్రెడ్ మొత్తం చదువుతాను. కెర్నల్‌కి ఎల్‌డబ్ల్యూఎన్, మా మెషీన్లలో ఉన్న నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ ఫైల్ మీద లీ. పైథాన్‌కి పెప్‌ల చర్చ జరిగే డిస్కోర్స్ విభాగం. మా ప్రోగ్రాం పీడీఎఫ్‌లు తయారుచేయడానికి వాడే ఒక చిన్న లైబ్రరీ ఉంది, చూస్తే దాన్ని ఒక్కరే నడుపుతున్నారు. ఈ రాత్రే వాళ్ల లిస్టులో చేరాను.

ఒక సందేహం మిగిలింది. చేరకుండా ఆర్కైవ్‌లో చదువుతున్నప్పుడు ఒక పాత మెయిల్‌కి జవాబు రాయాలనిపిస్తే ఎలా? ఆ మెయిల్ నా దగ్గర ఉండదు కదా.

బల్ల_కుర్చీ | బుధవారం, రాత్రి 10:20

పోస్ట్‌గ్రెస్ ఆర్కైవ్‌లో ప్రతి మెయిల్ దగ్గరా రీసెండ్ అని ఉంటుంది. కమ్యూనిటీ అకౌంటుతో లాగిన్ అయి అది నొక్కితే ఆ మెయిల్ మీకు మళ్లీ వస్తుంది. దానికి రిప్లై-ఆల్ కొట్టండి. ప్యాచ్ మీద అయితే ముందు దించుకుని, అతికించి, కంపైల్ చేసి, టెస్టులు నడిపి చూడండి. ఫలానా కమిట్ మీద అతికింది, టెస్టులన్నీ పాసయ్యాయి, డాక్యుమెంటేషన్‌లో ఈ వాక్యం నాకు అర్థం కాలేదు అని రాస్తే అది కూడా రివ్యూయే. కమిట్ సందేశంలో రివ్యూ చేసినవాళ్ల పేర్లు వేస్తారు. మీరు ప్యాచ్ పంపే రోజు వచ్చేసరికి ఇంకొకరి ప్యాచ్ రివ్యూ చేసి ఉండాలని అక్కడ ఎలాగూ ఆశిస్తారు.

ప్యాచ్‌దారి | బుధవారం, రాత్రి 10:48

లోర్‌లో అయితే ప్రతి మెయిల్ పేజీ కిందా జవాబు ఎలా పంపాలో రాసి ఉంటుంది. థ్రెడ్‌ని ఎంబాక్స్ ఫైల్‌గా దించుకుని మీ మెయిల్ ప్రోగ్రాంలో తెరవొచ్చు, లేదా గిట్ సెండ్-ఈమెయిల్‌కి ఇన్-రిప్లై-టులో ఆ మెసేజ్-ఐడీ ఇవ్వొచ్చు. కెర్నల్ లిస్టులకి సభ్యులు కానివాళ్లూ రాయొచ్చు. అందుకే రిప్లై-ఆల్ తప్పనిసరి, లిస్టుకి మాత్రమే పంపితే అసలు మనిషికి చేరకపోవచ్చు. హెచ్‌టీఎంఎల్ మెయిల్‌ని వెనక్కి కొడతారు, ప్లెయిన్ టెక్స్ట్‌లోనే పంపండి. జవాబు పైన కాకుండా, వాళ్లు రాసిన వరుసకి కిందే రాయండి, మీకు సంబంధం లేని భాగం కత్తిరించేయండి.

కొత్తకమిట్ | బుధవారం, రాత్రి 11:03

అర్థమైంది. ఇప్పుడు నడుస్తున్న కమిట్‌ఫెస్ట్‌లో నీడ్స్ రివ్యూ అని ఉన్న చిన్న డాక్యుమెంటేషన్ ప్యాచ్ ఒకటి దించుకున్నాను. శనివారం కూర్చుని చూసి, నా మెయిల్ డ్రాఫ్ట్ ఇక్కడ పెడతాను. పంపేముందు ఒకసారి చూసిపెట్టండి.

బల్ల_కుర్చీ | బుధవారం, రాత్రి 11:06

తప్పకుండా. ఏ కమిట్ మీద అతికించారో దాని హ్యాష్ (గుర్తింపు సంఖ్య) కూడా రాయడం మర్చిపోకండి.